ఐదో పొర

జిగురక్క ఎండిన నేల మీద నిలబెట్టిన ఇరవై అడుగుల పడవను ఒక్క బిళ్ళతో ముంచేసింది. నీళ్ళు లేవు, గాలి లేదు, తుఫాను అసలే లేదు. అరిగిపోయిన ఒక నాణెం, దాన్ని పట్టుకున్న రెండు వేళ్ళు, అంతే. టక్కున తట్టింది, పడవ మునిగింది. షెడ్డులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. చెప్పేటప్పుడు ఒక్కొక్కరూ తలా ఒక తుఫాను కలుపుతారు, అది వేరే సంగతి.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరూ వాడకపోవడంతో అది తుప్పు పట్టిపోయింది. నదికి కూతవేటు దూరంలో ఉన్న ఆ రేకుల షెడ్డులో గాజునారతో, అంటే ఫైబర్‌గ్లాసుతో, జిగురుతో వస్తువులు పోస్తారు. నీళ్ళ ట్యాంకులు, బస్టాండు కుర్చీలు, పిల్లలు జారే జారుడుబల్లలు, నోరు తెరుచుకున్న కప్పల్లాంటి చెత్తబుట్టలు, ఎప్పుడైనా ఒక పడవ. ఒక్క వారం చేసి మానేద్దామని చేరింది జిగురక్క. ఆ వారం ఇంకా అయిపోలేదు.

ఆమె పని బట్టల సంగతి ఊరందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి కారిన జిగురు గట్టిపడి, సాయంత్రం విప్పి పెడితే అవి మూలన వాటంతటవే నిలబడతాయి. ఓసారి ఆమెకు జ్వరం వస్తే, ఆ బట్టలను చూసి మేస్త్రి హాజరు వేసేశాడు. ఆ రోజు అవి మేస్త్రి కన్నా ఎక్కువే పని చేశాయని పక్కన పనిచేసే కత్తెర వదిన సాక్ష్యం. ఇంకోసారి ఒక దోమ ఆమె మోచేతి మీద వాలి, కుట్టి, ఎగరబోయి, ముక్కు అంటుకుపోయి, ఆమెతో పాటే ఇంటిదాకా వెళ్ళిందట. దారిలో ఇద్దరూ బస్సు టిక్కెట్టు గురించి గొడవపడ్డారని కూడా అంటారు.

ఇవన్నీ విని నవ్వేవాళ్ళు నవ్వుతుండగా ఆమె మాత్రం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటుంది. ఎందుకంటే జిగురక్క అలసిపోయి ఉంది. నిన్నో మొన్నో వచ్చిన అలసట కాదు. భుజాల్లో ఒక చోటు చూసుకుని, అద్దె ఇంట్లోలా కాకుండా సొంత ఇంట్లోలా స్థిరపడిపోయిన అలసట. పొద్దున లేచేసరికి ఆమె కన్నా ముందే లేచి కూర్చుని ఉంటుంది. గాజునార పోగులు చర్మంలో దూరి రోజంతా చురచురమంటాయి. జిగురు వాసన ఆమెకు ఎప్పుడో తెలియకుండా పోయింది. మిగిలిన వాసనలు కూడా దాని వెంటే పోయాయి.

పని చూడటానికి సులువే. అచ్చుకి మైనం పూస్తారు. పైన నున్నటి పూత ఒకటి వేస్తారు. దాని మీద గాజునార చాప పరిచి, జిగురు పోసి, రోలరుతో నొక్కి నొక్కి గాలి బుడగలు బయటికి తోస్తారు. మళ్ళీ చాప, మళ్ళీ జిగురు. పడవకైతే అడుగున ఏడు పొరలు. చాపలు కోసి ఇచ్చేది కత్తెర వదిన. జిగురక్క, ఆమె ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్ళుగా ఒకే రేకు డబ్బా లాంటి షెడ్డులో మగ్గుతున్నారు కాబట్టి అదే చుట్టరికం అయింది.

కొత్తగా చేరినవాళ్ళందరూ ఒకటే అనుకుంటారు. బలమంతా గాజునారదే, జిగురు ఉత్త అంటించే సరుకని. పరీక్షలు పాసై వచ్చినవాళ్ళు కూడా అదే అనుకుంటారు, కాకపోతే నాలుగు పేజీల్లో అనుకుంటారు. జిగురక్క ఎవరికీ పాఠం చెప్పదు. పొడి చాప ముక్క చేతిలో పెట్టి “లాగు” అంటుంది. లాగితే అది పీచు పీచుగా విడిపోతుంది. నార లేకుండా ఉత్త జిగురుతో పోసిన పలక ఒకటి ఇచ్చి “కిందపడెయ్” అంటుంది. పడేస్తే అది బిస్కట్టులా పగులుతుంది. తర్వాత రెండూ కలిపి పోసిన ముక్క ఇచ్చి, “దీన్ని విరువు. సాయంత్రం దాకా టైముంది” అని తన పనికి తాను పోతుంది.

ఎవరైనా మరీ వదలకుండా అడిగితే మాత్రం ఒక మాట అంటుంది. “మొయ్యడం నారే మోస్తుంది. కానీ ఒక పోగు మీద పడ్డ బరువు పక్క పోగుకి తెలియాలి కదా. తెలియజేసేది జిగురు. అది లేకపోతే ఎవరి మీద పడితే వాళ్ళే తెగిపోతారు. నీళ్ళు నారదాకా పోకుండా అడ్డం నిలబడేది కూడా అదే. ఇక జరుగు, బకెట్టు పెట్టాలి.”

ఆ జిగురు తనంతట తాను గట్టిపడదు. హార్డనర్ అని ఒక మందు కలపాలి. బకెట్టుకి సీసా మూతతో నాలుగు మూతలు. తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే సెగలు కక్కి పగులుతుంది. చిక్కేమిటంటే, కలిపిన బకెట్టూ కలపని బకెట్టూ కవలపిల్లల్లా ఉంటాయి. కంటికి తేడా తెలియదు. ఆ ఆవిర్ల మధ్య నిలబడి మూడు మూతలు పోశామా నాలుగా అని గుర్తుంచుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మూత పొయ్యగానే అచ్చు అంచున ఉన్న మైనం మీద గోటితో ఒక గీత గియ్యాలి. పోసి గియ్యాలి, గీసి పొయ్యకూడదు. ఈ పద్ధతి పెట్టింది జిగురక్కే. దీన్ని తప్పినవాళ్ళను ఆమె తిట్టిన తిట్లకు ఒకసారి జిగురు మందు లేకుండానే గట్టిపడిందని చెప్పుకుంటారు.

ఆ ఏడు చలికాలంలో షెడ్డుకి వచ్చిన పడవ పని ఆమె తమ్ముడిదే. తమ్ముడు నది మీద జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరవేసేవాడు. అతని పాత చెక్క పడవ పక్కటెముకలు విరిగి, ఒడ్డున బోర్లా పడుకుంది. శుక్రవారం పొద్దున రేవు ఆఫీసు వాళ్ళు వచ్చి పడవలు చూస్తారు. నిక్షేపంలాంటి పడవ చూపించినవాడికి ఏడాదిపాటు ఆ రేవు. పోటీలో ఉన్నది ఇద్దరే, తమ్ముడు, మీసాలాయన అని మరో పడవవాడు. శుక్రవారానికి పడవ లేకపోతే తమ్ముడు ఏడాదంతా ఒడ్డున కూర్చుని మీసాలాయన మీసాలు లెక్కపెట్టుకోవాలి.

మంగళవారం మధ్యాహ్నానికి నాలుగు పొరలు అయ్యాయి. జిగురక్క ఐదో బకెట్టు నింపి, సీసా చేతిలోకి తీసుకుంది. అప్పుడే తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ వారంలో అది అతని పదకొండో రాక.

“అక్కా, రంగు ఏది వేయిద్దాం? నీలమా, ఎరుపా?”

“ఏదైనా చేపలు మెచ్చుకోవుగానీ, పక్కకి జరగరా.”

“మీసాలాయనది ఆకుపచ్చ. దాని పక్కన పెడితే నాది కొట్టొచ్చినట్టు కనబడాలి.”

“నువ్వు పక్కన నిలబడితే చాలు, ఏ పడవైనా అందంగానే కనబడుతుంది.”

కత్తెర వదిన పగలబడి నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు. నెల రోజుల తర్వాత వాడు నవ్వడం చూసి జిగురక్కకు ప్రాణం కొంచెం తేలికపడింది.

“పోనీ పేరు ఏం రాయించను? నీ పేరే రాయిద్దామా?”

“జిగురక్క అని రాస్తే ఎవరెక్కుతార్రా? సీటుకి అంటుకుపోతామని భయపడి చస్తారు.”

ఈ మాటలన్నీ సాగుతున్నంతసేపూ ఆమె గోరు తన అలవాటు ప్రకారం మైనం మీద నాలుగు గీతలు గీసుకుంటూ పోయింది. సీసా మూత మాత్రం తియ్యలేదు. తమ్ముడు వెళ్ళాక బకెట్టు వైపు చూసింది, గీతల వైపు చూసింది. నాలుగూ ఉన్నాయి. కర్రతో కలిపి, పోసేసింది. దాని మీద ఆరో పొర, ఏడో పొర వేసి, నడుం పట్టుకుని లేచింది.

బుధవారం మేస్త్రి చెక్క మేకులు కొట్టి అచ్చు నుంచి పడవను విడదీశాడు. నిమిషానికోసారి గడియారం చూసుకుంటాడని ఆయన్ని వాచీ మేస్త్రి అంటారు. గడియారం ఆగిపోయి మూడేళ్ళయినా చూసుకోవడం ఆపలేదు. పడవ అద్దంలా మెరుస్తూ బయటికొచ్చింది. అందరూ ఈలలు వేశారు. జిగురక్క చెప్పులు విప్పి లోపలికి దిగింది, అడుగు చూసుకోవడానికి.

ముందు భాగం బాగుంది. పక్కలు బాగున్నాయి. నడిమధ్య, అడుగున, బొటనవేలితో నొక్కింది. అక్కడ కొద్దిగా, చాలా కొద్దిగా, లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చింది.

ఆమె జేబులోంచి బిళ్ళ తీసి తట్టింది. గట్టిపడిన చోట తడితే టింగుమని మోగాలి. ఇక్కడ దిండు మీద తట్టినట్టు చప్పుడు వచ్చింది. రెండడుగులు పక్కన తట్టింది, టింగ్. మళ్ళీ వెనక్కి వచ్చి తట్టింది, దిండు. మెల్లగా దిగి, అచ్చు దగ్గరికి పోయి గీతలు లెక్కపెట్టింది. ఏడు బకెట్లకు ఇరవై ఎనిమిది గీతలు, ఒక్కటి కూడా తక్కువ లేదు. తర్వాత హార్డనర్ సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. ఉండాల్సినదాని కన్నా నాలుగు మూతలు ఎక్కువ ఉంది.

“ఏమ్మా, అంతా బాగున్నట్టేనా?” అన్నాడు మేస్త్రి వాచీ చూసుకుంటూ.

“ఊఁ” అంది జిగురక్క.

కత్తెర వదిన దగ్గరికి వచ్చింది. “అది ఊఁ అన్నావా, మూలిగావా వదినా?”

“నడుం నొప్పి.”

“పడవలోంచి ఇంకా పచ్చి వాసన వస్తోంది.”

“షెడ్డంతా అదే వాసన కదా వదినా.”

“నీకు వాసన తెలీదు కదా, నీకెలా తెలుసు?” అని వదిన ఒకసారి తేరిపార చూసి, కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంటి వెనక మెట్టు మీద కూర్చుని జిగురక్క చన్నీళ్ళతో చేతులు కడుక్కుంది. వేడినీళ్ళతో కడిగితే పోగులు ఇంకా లోపలికి పోతాయి. చలికి చేతులు కొంకర్లు పోతున్నా చన్నీళ్ళే. ఆమె భర్త బడి బస్సు నడుపుతాడు. రోజూలాగే అంటుకునే టేపు ముక్కలు చించి, ఆమె ముంజేతి మీద అద్ది, చర్రున లాగుతూ గాజు పోగులు తీస్తున్నాడు. వాళ్ళ కాపురంలో సరసం ఏదైనా మిగిలి ఉంటే అది ఆ టేపుకే తెలియాలి.

“ఏమండీ, మీ బస్సుకి బ్రేకు ఎప్పుడైనా మెత్తబడిందా?”

“చాలాసార్లు.”

“ఎవరికీ చెప్పకుండా నడిపారా?”

“ఒకసారి నడిపాను. రెండు వీధులు.”

“తర్వాత?”

“పక్కకి తీసి ఆపేశాను. పిల్లలు సంబరపడి పాటలు పాడారు. బడివాళ్ళు తిట్టారు. నీకెందుకిప్పుడు?”

“నిద్రొస్తోంది.”

“చేయి ఇంకోటి ఉంది కదే, దాంట్లోవి ఎవరు తీస్తారు?”

ఆమె మెట్టు మీదే గోడకు ఒరిగి నిద్రపోయింది. నిద్రలో కూడా ఆమె బుర్ర పని మానలేదు. పైన రెండు పొరలున్నాయి, కింద నాలుగున్నాయి. మధ్యలోది ఒక్కటేగా. రంగు వేస్తే బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. తమ్ముడికి రేవు వస్తుంది. తనకు రేపు పని ఉండదు, పడుకోవచ్చు. ఇన్ని మంచి సంగతులు ఒక్కచోట చేరడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

గురువారం షెడ్డు తలుపులు తెరవకముందే వెళ్ళి బయట నిలబడింది. కాసేపటికి తమ్ముడు పడవను తీసుకెళ్ళడానికి బండి, మోకు తెచ్చుకుని వచ్చాడు. నీలం రంగు డబ్బా కూడా తెచ్చాడు. అక్క ముఖం చూసి మోకు కింద పెట్టాడు.

“ఏంటక్కా, బావకి ఒంట్లో బాగోలేదా?”

“పడవకి బాగోలేదు. ఐదో పొర గట్టిపడలేదు. మందు కలపడం మర్చిపోయాను.”

వాడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. “ఏడు పొరలు వేశానన్నావుగా?”

“వేశాను. నార ఏడు పొరలూ ఉంది. ఐదోది లోపల పచ్చిగా ఉండిపోయింది. పట్టుకునేది లేకపోతే నార ఉన్నా లేనట్టే. పై రెండు పొరలు ఒకవైపు, కింది నాలుగు ఒకవైపు, దేనిదారి దానిది.”

“నిన్న మేస్త్రి అంతా బాగుందన్నాడే!”

“నేను ఊఁ అన్నాను కాబట్టి అన్నాడు.”

తమ్ముడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “సరే, మెల్లగా నడుపుతాను. జనాన్ని తక్కువ ఎక్కిస్తాను. రేపు చూపించేసి, రేవు చేతికొచ్చాక తీరిగ్గా తెచ్చి ఇస్తాను, అప్పుడు బాగుచేద్దువుగాని.”

“రేవు చేతికొచ్చాక నువ్వు ఒక్కరోజు కూడా పడవ ఆపవురా. నాకు తెలీదా?”

“ఆపుతానక్కా, నీ మీద ఒట్టు.”

“ఒట్టు పెట్టుకుంటే అడుగు గట్టిపడదు.”

“నువ్వెక్కేదానివి కాదుగా! నీకేం పోయింది? పోయేది నా ఏడాది!” అని వాడు గట్టిగా అరిచాడు. అరుపుకి కత్తెర వదిన, మేస్త్రి గేటు దగ్గరే ఆగిపోయారు.

జిగురక్క తిరిగి అరవలేదు. అరవడానికి ఓపిక కావాలి. లోపలికి వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొరలు కోసే గ్రైండరు తీసుకుని పడవలోకి దిగింది. మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

“మతిపోయిందా నీకు? మూడు రోజుల పని! పైన ఇంకో రెండు పొరలు వేసి పంపించేద్దాం!”

“లోపల పచ్చిగా ఉంటే పైన ఎన్ని వేసినా దుప్పటి కప్పినట్టే మేస్త్రీ. జరగండి, కళ్ళల్లో పడుతుంది.”

గ్రైండరు గీపెట్టింది. తెల్లటి దుమ్ము లేచి ఆమె తల మీద, కనురెప్పల మీద పడింది. రెండు పొరలు తెగాక అరచేయంత ముక్క పైకి లేపింది. తమ్ముడు వద్దనుకుంటూనే వంగి చూశాడు. లోపల నార తడిగా, తెల్లగా, తేనెలో ముంచిన దూదిలా ఉంది. వాడు రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. దువ్వెనకి వెంట్రుకలు వచ్చినట్టు చేతిలోకి వచ్చేసింది. ఇంకొంచెం లాగాడు, ఇంకొంచెం వచ్చింది. చెయ్యి మోకుకి తుడుచుకుని, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. రంగు డబ్బా అక్కడే ఉండిపోయింది.

పచ్చిగా ఉన్నదంతా గీకి, తుడిచి, అంచులు మెట్లు మెట్లుగా అరగదీసి, మళ్ళీ నార పరిచి, మళ్ళీ జిగురు పొయ్యడానికి మూడు రోజులు పట్టింది. ప్రతి మూతా పోశాకే గీత గీసింది, గీసినప్పుడల్లా వదినను పిలిచి చూపించింది. వదిన మొదటి రెండుసార్లు తిట్టింది, ఆ తర్వాత పిలవకముందే వచ్చి నిలబడింది. శుక్రవారం రేవు మీసాలాయనకు వెళ్ళింది. ఆ కబురు షెడ్డుకి వచ్చినప్పుడు ఆమె రోలరు నొక్కుతూ ఉంది. నొక్కడం ఆపలేదు. ఆపితే జిగురు బిగుసుకుపోతుంది.

ఆదివారం తమ్ముడు వచ్చి పడవ తీసుకెళ్ళాడు. అక్కతో మాట్లాడలేదు. అడుగంతా బిళ్ళతో తట్టి తట్టి చూసుకుని, బండి మీద ఎక్కించుకుని పోయాడు. ఇప్పుడు దాంట్లో ఆవలి ఒడ్డు నుంచి ఇటుకలు, ఎరువుల బస్తాలు మోస్తున్నాడు. పడవకి ఏ పేరూ రాయించలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఇంకా మొదలు కాలేదు. బావ మధ్యలో కబుర్లు మోస్తుంటాడు. దానికి కూడా బడి బస్సే వాడతాడు.

షెడ్డులో మాత్రం ఆ కథ రోజురోజుకీ ఊపిరి పోసుకుంటోంది. మొన్న ట్యాంకు కొనడానికి వచ్చిన ఒకాయన టీ తాగుతూ, ఇక్కడ పని ఎంత గట్టిగా ఉంటుందని అడిగాడు. మేస్త్రి ఛాతీ విరిచాడు. జిగురక్క చెవి పడవకి ఆనిస్తే ఏడు పొరల్లో ఏ పొర ఏడుస్తోందో చెప్పేస్తుందన్నాడు. ఒక్కసారి బిళ్ళతో తట్టింది, ఆ చప్పుడుకి నది అవతలి ఒడ్డున మీసాలాయన నిద్రలేచాడు, సొంత తమ్ముడి పడవైనా క్షణం ఆలోచించకుండా రెండుగా నరికేసింది అన్నాడు. కత్తెర వదిన అందులో ఒక పిడుగు కలిపింది. వచ్చినాయన గుడ్లప్పగించి, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె వైపు తిరిగాడు.

“నిజమేనా అమ్మా?”

జిగురక్క కళ్ళు తెరిచింది.

“ఏం వినబడలేదండీ. వేలు పెడితే మెత్తగా ఉంది, అందుకని తెలిసింది. మందు పొయ్యడం మర్చిపోయింది నేనే. ముందురోజే తెలిసినా చెప్పలేదు.”